గోధుమరంగు రాని స్లైడు

కుట్టుగది నుంచి,
గురువారం

పొట్టీ,

ఫోను ఉండగా ఉత్తరమేమిటి, వదినకి మతిగానీ పోయిందా అనుకుంటున్నావేమో. మతి నిక్షేపంగా ఉంది. పోయిందల్లా ఎడమ రొమ్ములోంచి గోలీకాయంత గడ్డ, దాని చుట్టూ ఇంకాస్త. ఫోనులో మాట్లాడదామంటే మీ అన్నయ్య పక్కనే నిలబడతారు. నేను 'ఆఁ' అంటే 'ఏమిటట?', 'ఊఁ' అంటే 'ఏమందట?'. మన పిల్లేమో పుస్తకం అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించి వింటుంది. అందుకని మిషను ముందు కూర్చుని, కుడుతున్నట్టు నటిస్తూ రాస్తున్నాను. మధ్యమధ్యలో శబ్దం కోసం ఉత్తినే తొక్కుతున్నాను.

ఆపరేషను ముక్క రిపోర్టు వచ్చింది. నకలు ఇందులో పెట్టాను. చంకలో గ్రంథులకి పాకలేదని రాశారు, అంతవరకు బాగానే ఉంది. కింద మూడు ప్రోటీన్ల పేర్లు రాసి, మూడింటి ఎదురుగా నెగెటివ్, నెగెటివ్, నెగెటివ్ అని ఉంది. నెగెటివ్ అంటే మంచిదే కదే? రక్తపరీక్షలో నెగెటివ్ వస్తే హమ్మయ్య అనుకుంటాం. నేనూ హమ్మయ్య అనుకుంటూ సర్జను మొహంలోకి చూశాను. ఆయన నా మొహం తప్ప గదిలో ఉన్నవన్నీ చూశాడు. చివరికి గోడమీద క్యాలెండరు కేసి తిరిగి, "వచ్చేవారమే కీమో మొదలుపెడదామమ్మా, ఆలస్యం వద్దు," అన్నాడు.

మీ అన్నయ్యని అడిగితే "చూద్దాంలే, రేపు అడుగుదాం," అంటున్నారు. ఆయన సంగతి నీకు తెలియనిదా. బాగుచేయమని ఫ్యాన్లూ మిక్సీలూ ఇచ్చినవాళ్ళు ఇప్పుడు ఆయన ఎదురుగానే 'రేపుగారూ' అని పిలుస్తున్నారు. ఆయన నవ్వి ఊరుకుంటారు. కరెంటు బిల్లు కవరు చించడానికే వారం పట్టే మనిషి, ఈ రిపోర్టు మాత్రం ఇంతవరకు మడత విప్పలేదు.

నువ్వు డాక్టరమ్మవి. రోజంతా మైక్రోస్కోపులో కళ్ళు పెట్టుకుని జనం ఒంట్లోంచి తీసిన ముక్కలు చూడటమే కదా నీ ఉద్యోగం. కాబట్టి ఆ సర్జనులాగా క్యాలెండరు చూడకుండా చెప్పు. మూడు నెగెటివ్‌లంటే ఏమిటి? దాచావో, ఈసారి వచ్చినప్పుడు నీ జాకెట్లన్నీ బిగువుగా కుడతాను.

నీ వదిన

•

ల్యాబు, మూడో అంతస్తు,
సోమవారం

వదినా,

నువ్వు ఉత్తినే మిషను తొక్కుతున్న సంగతి చదివి పైకే నవ్వాను. పక్క బల్లమీద మా పెద్దావిడ కళ్ళజోడు దించి మరీ చూసింది. ఆవిడే మా డిపార్టుమెంటుకి హెడ్డు. నవ్వు ఆవిడకి నచ్చదు.

నీకు దాచేదేముంది? గడ్డలో కణాలకి చెవులుంటాయనుకో. ఒంట్లో తిరిగే హార్మోన్లు 'పెరుగు, పెరుగు' అంటుంటే వినే చెవులు. నీ రిపోర్టులో మొదటి రెండు ప్రోటీన్లు అవే. చెవులుంటే రోజుకో మాత్ర వేసి వాటిలో దూది కుక్కేయొచ్చు. మూడో ప్రోటీను వేరే రకం. అది మరీ ఎక్కువుంటే దాన్ని పట్టుకునే ఇంజెక్షను ఒకటుంది. వీటిని చూసే గడ్డ ముందుముందు ఎలా నడుచుకుంటుందో, దేనికి లొంగుతుందో అంచనా వేస్తాం. మేము చేసేది పెద్ద మాయేమీ కాదు. ముక్కని మైనంలో బిగించి, సన్నటి పొర తీసి, స్లైడుమీద పరిచి రంగు వేస్తాం. ఆ ప్రోటీను ఉన్నచోట గోధుమరంగు వస్తుంది. లేనిచోట నీలంగా ఉండిపోతుంది.

నీ దాంట్లో మూడూ రాలేదన్నారు. అంటే మాత్రతో పని లేదు, కీమోతో పని. ఈ రకానికి కీమో బాగానే పట్టుకుంటుంది, నిజంగానే చెప్తున్నాను. గడ్డ చిన్నది, గ్రంథులు బాగున్నాయి, మనిషివి గట్టిదానివి. ఇంకేం కావాలి?

అన్నట్టు, ఆ స్లైడ్లూ మైనం దిమ్మలూ అక్కడి ల్యాబులో అడిగి తీసుకుని నాకు కొరియరు చేయించు. ఏమీ లేదు, ఊరికే నా తృప్తికి. ఇంట్లోవాళ్ళ స్లైడుమీద మేము రిపోర్టు రాయకూడదు, అది మా నియమం. చూడకూడదని మాత్రం ఎక్కడా లేదు. చూసి పెద్దావిడకి ఇస్తాను.

మందు మొదలుపెట్టు. అన్నయ్య 'రేపు' అంటే వినకు.

నీ పొట్టి

•

హాస్పిటలు, కీమో గది,
కిటికీ పక్క కుర్చీ, బుధవారం

ప్రియమైన ఆడపడుచుకి,

ఇవాళ రెండో డోసు. మీ అన్నయ్య పక్క కుర్చీలోనే ఉన్నారు, ఏం రాస్తున్నావని కూడా అడగటం లేదు. చేతికి సూది ఉంది కాబట్టి అక్షరాలు వంకరపోతాయి, ఏమనుకోకు. మొదటి డోసు తర్వాత జుట్టు ఊడింది. ఊడటమంటే దువ్వెనకి రావటం కాదు, తలగడమీదే ఉండిపోయింది. పిల్ల చూడకముందే దులిపేశాను.

ఇక్కడి కుర్ర డాక్టరమ్మ చెవులూ దూదీ అనలేదు. అడిగాను, చెప్పింది. ఈ రకం తిరిగొస్తే మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తుందట. వస్తే ఊపిరితిత్తులకో మెదడుకో పోతుందట. అందరికీ రాదట. ఆ 'అందరికీ రాదు' దగ్గర ఆమె గొంతు అచ్చు నీ ఉత్తరంలాగే ఉంది. నువ్వు రాయకుండా వదిలేసింది ఏమిటో అప్పుడు అర్థమైంది. నీమీద కోపమేమీ లేదు. నీ చోట నేనున్నా అంతే చేసేదాన్ని. ఈ రకం ఒక్కోసారి తల్లినుంచి కూతురికి దిగుతుందట, పిల్లకి కూడా పెద్దయ్యాక పరీక్ష చేయించమంది.

మీ అన్నయ్య చాలా మంచివారు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఊరికే నస పెట్టాననిపిస్తోంది. ఈమధ్య ఒక్క మాట కూడా అనటం లేదు. తడి తువ్వాలు మంచంమీద పడేస్తే తీసి ఆరేస్తున్నాను. ఆయనే పాపం బొత్తిగా చిక్కిపోయారు. నా మొహం చూడలేక కాబోలు, పొద్దున్నే షాపుకి వెళ్ళిపోతున్నారు. భోజనం ముందు కూర్చుని కెలికి లేచిపోతున్నారు.

నిన్న పిల్లకి బాబిన్‌కి దారం చుట్టటం నేర్పాను. కాజాలు కుట్టటం కూడా వచ్చేసింది. నా మిషను దానికే ఉంచు. నా పట్టుచీరల్లో నీకు నచ్చింది తీసుకో, మొహమాటపడకు. ఒకవేళ ఏదైనా అయితే దాని చదువు నువ్వు చూసుకో. దానికి నువ్వంటే ప్రాణం. మీ అన్నయ్య మంచి మనిషే గానీ ఏదీ వేళకి చేయలేరు, ఫీజు కట్టే గడువు దాటిపోతుంది.

నువ్వడిగిన స్లైడ్ల ప్యాకెట్ ఎప్పుడో మీ అన్నయ్య చేతికిచ్చి పంపమన్నాను. ఈపాటికి చూసే ఉంటావు. చూసి కూడా ఏమీ రాయలేదంటే రాయడానికి ఏమీ లేదనే కదా.

ఇట్లు,
మీ వదిన

•

ల్యాబు,
శనివారం

వదినా,

ప్యాకెట్ నాకు అందలేదు. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి రాస్తున్నాను. నేను చూడనేలేదు. చూసి ఊరుకున్నానని నువ్వు అనుకోవద్దు.

ఆ డాక్టరమ్మ చెప్పింది అబద్ధమని రాయలేను. అంతా నిజమే. అది నేనే రాయాల్సింది, చెయ్యి ఆడలేదు. నువ్వు తిడతావని కాదు, తిట్టవేమోనని భయపడ్డాను. అనుకున్నంతా అయింది. 'ప్రియమైన ఆడపడుచు' ఎవరు? 'మీ వదిన' ఏమిటి? పొట్టి ఏమైపోయింది? ఇన్నేళ్ళలో నువ్వు అన్నయ్యని 'చాలా మంచివారు' అన్నది ఇదే మొదటిసారి. ఆ తడి తువ్వాలు సంగతి చదివి ల్యాబు మెట్లమీద కూర్చుని ఏడ్చాను. నీకు దండం పెడతాను, అన్నయ్యని ఒక్కసారి తిట్టు. చీరలు నాకొద్దు.

ఆ ప్యాకెట్ ఎక్కడుందో వెతుకు. ఇంకెవరి చేతికీ ఇవ్వకు, నువ్వే వెళ్ళి పంపు.

నీ పొట్టి. పొట్టినే.

•

కుట్టుగది నుంచి,
మంగళవారం

పొట్టీ,

ప్యాకెట్ దొరికింది. పోస్టువాళ్ళ తప్పు కాదు, కొరియరువాళ్ళ తప్పూ కాదు. షాపులో ఆయన బల్ల కింద, పాత మోటార్ల వెనకాల ఉంది. నేను కట్టిన దారం ముడి కూడా విప్పలేదు. "ఏమండీ, ఇదేమిటి?" అంటే "మర్చిపోయాను" అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు.

మునుపటి నేనైతే ఆ వీధంతా వినపడేలా అడిగేదాన్ని. నువ్వు తిట్టమన్నావు కాబట్టి ప్రయత్నం కూడా చేశాను. రాలేదు. ఆయన ఒకే స్క్రూని బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తున్నారు. పాపం అనిపించి, నీళ్ళు తాగమని చెప్పి వచ్చేశాను.

కొరియరు ఆఫీసుకి నేనే వెళ్ళాను, తలకి గుడ్డ చుట్టుకుని. రశీదు నా దగ్గరే ఉంది.

నీ వదిన

•

ల్యాబు,
సోమవారం

వదినా,

కూర్చుని చదువు. ఆశ పెట్టుకోకు. సరే, కాస్త పెట్టుకో.

స్లైడ్లు చూశాను. గడ్డ నీలంగానే ఉంది, ఆ ల్యాబువాళ్ళు రాసింది నిజమే. కానీ గడ్డ పక్కనే నీ మామూలు పాలనాళాలు కూడా కాసిని ఉన్నాయి. ఏ జబ్బూ లేనివి. వాటికి కూడా నేను చెప్పిన ఆ చెవులుంటాయి, ప్రతి ఆడదానికీ ఉంటాయి. రంగు వేసిన ప్రతిసారీ మేము ముందు వాటినే చూస్తాం. అవి గోధుమరంగు తిరిగితేనే పరీక్ష పనిచేసినట్టు, అప్పుడే గడ్డ సంగతి నమ్ముతాం. నీ స్లైడులో ఆ మంచి నాళాలు కూడా నీలంగానే ఉన్నాయి వదినా! ఎక్కడా చుక్క రంగు లేదు. అంటే గడ్డకి చెవులు లేవని కాదు. ఆ ముక్క ఏ జవాబూ చెప్పలేని స్థితిలో ఉందని.

ఇంట్లో మనిషిని కదా, నాకు కావలసింది నేను చూసుకున్నానేమోనని భయమేసింది. ఎవరిదో చెప్పకుండా పెద్దావిడ ముందు పెట్టాను. ఆవిడ ఇలా చూసి అలా తలెత్తి, "దీనిమీద ఎవరమ్మా నెగెటివ్ అని రాసింది? ఈ ముక్క ల్యాబుకొచ్చేసరికే పాడైంది," అంది. మైనం దిమ్మలోంచి కొత్త పొర తీసి మళ్ళీ రంగు వేయించాను. అదే నీలం.

ఒంట్లోంచి తీసిన ముక్కని వెంటనే ఫార్మలిన్ అనే మందునీళ్ళలో వేయాలి. ఆలస్యమైతే కణాలు మెత్తబడి ప్రోటీన్లు చెడిపోతాయి. గడ్డ క్యాన్సరని అప్పటికీ కనబడుతుంది, చెవులు మాత్రం కనబడవు. అందుకని నాకు ఇది కావాలి: థియేటరులో తీసినప్పటినుంచి ల్యాబుకి చేరేదాకా ఆ ముక్క ఎక్కడుంది? ఎవరి చేతిలో ఉంది? దేంట్లో ఉంది?

ఇంకొకటి. ఆపరేషనుకి ముందు సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్ష చేశారు కదా, అవి ఎక్కడున్నాయి? వాటికి ఈ ప్రోటీన్ల పరీక్ష చేశారా?

నీ పొట్టి

•

కుట్టుగది నుంచి,
గురువారం

పొట్టీ,

నీ ఉత్తరం చదివి మిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. ఆశ పెట్టుకోకు, కాస్త పెట్టుకో అని రాస్తే ఎంత పెట్టుకోవాలే? ఇది సంతోషమో భయమో తెలియటంలేదు. పోతాననుకుని అన్నీ సర్దుకున్నాక ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది. నిన్నటిదాకా నిబ్బరంగానే ఉన్నాను, ఇవాళ ఒకే జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాను.

నువ్వడిగినవి. సూది పరీక్ష ముక్కలు పెద్దాసుపత్రిలో ఉన్నాయి. ఆ డాక్టరు నా కళ్ళముందే సన్నటి దారప్పోగుల్లాంటి ముక్కలు తీసి, ఘాటువాసన కొట్టే నీళ్ళ డబ్బాలో అప్పటికప్పుడు వేసింది. క్యాన్సరా కాదా అని మాత్రమే చూశారు. ప్రోటీన్ల సంగతి ఆపరేషను ముక్కమీద చూద్దామన్నారు. పెద్దాసుపత్రివాళ్ళు ఆ దిమ్మ ఇస్తామన్నారు. రేపు పిల్లని తోడు తీసుకుని నేనే వెళ్తాను.

ఆపరేషను చిన్న హాస్పిటల్లో కదా, అక్కడ ల్యాబు లేదు. ముక్కని సీసాలో పెట్టి ఇంట్లోవాళ్ళ చేతికే ఇస్తారు, ల్యాబుకి పట్టుకెళ్ళమని. అందరికీ అలాగే ఇస్తారట. నేను మత్తులో ఉన్నాను. మీ అన్నయ్యే తీసుకెళ్ళారు. రాత్రి భోజనం దగ్గర అడిగాను. "అప్పుడే ఇచ్చేశాను," అన్నారు. అని, కడుపు నిండిపోయిందని లేచారు. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

మూడో డోసు వచ్చే బుధవారం. వేసుకోనా, ఆగనా? సర్జనుకి ఏం చెప్పమంటావు? త్వరగా రాయి.

నీ వదిన

•

షాపు నుంచి,
శుక్రవారం

చెల్లీ,

నేను ఉత్తరాలు రాసే మనిషిని కానని నీకు తెలుసు. నువ్వు మీ వదినకి రాసిన ప్రశ్న నన్నడిగింది. అబద్ధం చెప్పాను. నీకు అబద్ధం చెబితే ఆమె ప్రాణం మీదికి వస్తుందని మీ వదిన మాటల్లో అర్థమైంది, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు శుక్రవారం. నర్సు సీసా ఇచ్చి, "ఉప్పునీళ్ళలో పెట్టామండీ, గంటలోపల ల్యాబులో ఇచ్చేయండి, వాళ్ళు మందులో వేసుకుంటారు," అంది. సరిగ్గానే చెప్పింది. నేను ల్యాబు గుమ్మందాకా వెళ్ళాను. అక్కడ ఒకాయన కవరు చింపి చదువుకుని, గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నా వయసే ఉంటుంది. నేను వెనక్కి తిరిగాను.

ఒక్కపూట ఆగుదామనుకున్నాను. సూది పరీక్ష రోజే సగం ప్రాణం పోయింది. మిగతాది ఈ సీసాలో ఉందని అనిపించింది. ఇచ్చేస్తే జవాబు వచ్చేస్తుంది. ఇవ్వనంతసేపు ఏమీ కాలేదు. షాపుకి తీసుకెళ్ళి బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ల్యాబు మూసేశారు. శనివారం కూడా లేవలేకపోయాను. ఆదివారం సెలవు. నీళ్ళలోనే ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను చెల్లీ. ఒట్టు, పాడవుతుందని తెలియదు. సోమవారం ఇచ్చినప్పుడు ల్యాబు అతను "ఎప్పుడు తీశారు?" అన్నాడు. "ఇవాళ పొద్దున్న," అన్నాను. సిగ్గేసి అన్నాను. అదే రాసుకున్నాడు.

నువ్వు స్లైడ్లు అడిగావనగానే నీకు తెలిసిపోతుందనిపించింది. అందుకే ప్యాకెట్ దాచాను. ఆ ఆలస్యంలో ఆమెకి ఇంకో డోసు ఎక్కింది. ఆమె నన్ను ఏమీ అనటంలేదు. నా తువ్వాలు ఆరేస్తోంది. అది భరించలేకపోతున్నాను.

వదినకి చెప్పకమ్మా. నన్ను ఎంతైనా తిట్టు, ఆమెకి మాత్రం చెప్పకు.

అన్నయ్య

•

ల్యాబు,
సోమవారం

అన్నయ్యా,

తిట్టడానికి నాకిప్పుడు తీరిక లేదు. సర్జనుకి ఫోను చేసి, ముక్క శుక్రవారం నుంచి సోమవారందాకా ఉప్పునీళ్ళలో ఉందని చెప్పేశాను. అది ఆయనకి తెలిసి తీరాలి. కొత్త పరీక్ష వచ్చేదాకా మూడో డోసు ఆపాడు. సూది ముక్కల దిమ్మ శనివారమే చేరింది, ఇవాళ పొర తీశాం.

వదినకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. నా రిపోర్టు ఇంటికి చేరేలోపల చెప్పు. చెప్పకపోతే ఆ తర్వాతి ఉత్తరంలో నేనే రాస్తాను. ఈ ఒక్కదానికి వాయిదా లేదన్నయ్యా.

నిన్ను చూస్తే జాలేస్తోంది, కోపమూ వస్తోంది. రెండూ ఉన్నాయని తెలుసుకో.

చెల్లి

•

ల్యాబు,
బుధవారం

వదినా,

చెవులున్నాయి.

మొదటి ప్రోటీను దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. రెండోది కూడా బాగానే ఉంది. మూడోది లేదు, అది లేకపోవటమే మనకి మంచిది. గడ్డ ఎంత తొందరగా పెరుగుతోందో చెప్పే ప్రోటీను ఇంకొకటుంది, దాన్ని కూడా చూశాం. తక్కువే. ఈ గడ్డకి తొందర లేదు. సూది ముక్కల్లో నీ మామూలు నాళాలు కూడా నాలుగు దొరికాయి. అవీ చక్కగా గోధుమరంగు తిరిగాయి. అంటే ఈసారి పరీక్షని నమ్మొచ్చు. స్లైడుమీద తడి ఆరకముందే చూసి కుర్చీలోంచి లేచిపోయాను. రిపోర్టు పెద్దావిడే రాసి సంతకం చేసింది. ఎవరిదో అప్పుడు చెప్పాను. ఆవిడ నా భుజంమీద చెయ్యి వేసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈసారి ఏదీ దాచకుండా రాస్తున్నాను. ఇది తిరిగి రానే రాదని ఎవరూ పూచీ పడలేరు. ఈ రకం నెమ్మదిది, వస్తే చాలా ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. అందుకే మాత్ర ఏళ్ళ తరబడి వేసుకోవాలి. కీమో మిగతా డోసులు కావాలా వద్దా అన్నది సర్జను చెప్పాలి, నాకైతే అక్కర్లేదనే అనిపిస్తోంది. కుర్ర డాక్టరమ్మ చెప్పిన ఆ రెండు మూడేళ్ళ లెక్క మాత్రం నీది కాదు. పిల్ల పరీక్ష సంగతి కూడా అంత కంగారుగా చూడనక్కర్లేదు, నెమ్మదిగా అడుగుదాం.

మొదటి ముక్క ఎందుకు పాడైందో అన్నయ్యని అడుగు.

నీ పొట్టి

•

వంటింట్లోంచి,
ఆదివారం

పొట్టీ,

తలుపు తీసే రాస్తున్నాను. ఎవరు చదువుకుంటే నాకేం.

నీ ఉత్తరం గట్టిగా చదివాను, పిల్ల వినాలని. చెవులున్నాయి అనగానే అది నన్ను పట్టుకుని ఏడ్చింది. మీ అన్నయ్య గుమ్మంలోనే కూలబడ్డారు. ముందు సంతోషంతో అనుకున్నాను. తర్వాత చెప్పారు. సీసా, షాపు, శనివారం, ఆదివారం, 'ఇవాళ పొద్దున్న' అన్న అబద్ధం, అన్నీ. నీకు రాశానని కూడా చెప్పారు. పిల్ల అక్కడే ఉంది. దాన్ని బయటికి పంపమని కూడా ఆయనకి తోచలేదు.

మొదట నాకు బుర్రకెక్కలేదు. ఎక్కాక చేతిలో ఉన్న గరిటె విసిరాను. తగల్లేదు. తగలాలనే విసిరాను. తర్వాత మొదలుపెట్టాను చూడు! కింది వాటాలోవాళ్ళు తలుపులు తీసి మెట్లమీదికి వచ్చారు. కుట్లు వేసినచోట నొప్పి పుట్టేదాకా అరిచాను. నా జుట్టు, నల్లబడ్డ నా గోళ్ళు, నోట్లో పుళ్ళు, పిల్ల బడికెళ్ళకుండా నా పక్కన కూర్చోవటం, నా చీరలు నేనే మడతపెట్టి ఎవరికేవో అనుకోవటం, ఒక్కటీ వదల్లేదు. "సీసా అంటే భయపడ్డారనుకుంటాను, ప్యాకెట్ ఎందుకు దాచారండీ? రెండో డోసు ఎక్కుతుంటే నా పక్కన కుర్చీలో కూర్చుని చూశారు కదా, అప్పుడైనా నోరు పెగల్లేదా?" అన్నాను. ఆయన "తప్పే" అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. దాంతో ఇంకా మండింది.

సర్జను దగ్గరికి వెళ్ళాం. పెద్దావిడ రిపోర్టు రెండుసార్లు చదివి మిగతా కీమో మానిపించేశాడు. కొన్నాళ్ళు రేడియేషను, ఈలోగా మాత్ర మొదలు. ఇకమీదట ముక్కని ఎవరి చేతికీ ఇవ్వరట, థియేటరులోనే మందునీళ్ళలో వేసి వాళ్ళ మనిషితోనే పంపిస్తారట. మంచిదే. నా తర్వాతివాళ్ళకైనా ఈ బాధ తప్పుతుంది.

భయం పోయిందనుకోకు. భుజం లాగినా అదేనేమో, దగ్గు వచ్చినా అదేనేమో. పొద్దున్న అద్దంముందు నిలబడి రెండోవైపు కూడా తడిమి చూసుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత కూడా రావచ్చని నువ్వు రాసిన వాక్యం ఉంది చూడు, అది రోజూ ఒకసారి తీసి చదువుతున్నాను. భయపడుతూనే మాత్ర వేసుకుంటున్నాను.

మీ అన్నయ్యని క్షమించమని రాస్తావని తెలుసు. పాపం అంటావు, ప్రేమకొద్దీ చేశాడంటావు. అవన్నీ నాకూ తెలుసు, అందుకే ముందే రాస్తున్నాను. పోయిన నెల అడిగుంటే క్షమించేసేదాన్ని. అప్పుడు పోయేదాన్ని కదా, ఏం క్షమించమన్నా క్షమించేదాన్ని. ఎవరు ఏం చేసినా పోనీలే అనిపించేది. ఇప్పుడెందుకు క్షమించాలి? మాత్ర అయిదేళ్ళు వేసుకోవాలట, అవసరమైతే పదేళ్ళట. నాకు తొందరేముంది? అయిదేళ్ళూ కోపంగానే ఉంటాను. ఇంకా పైన కూడా ఉంటాను. ఉంటాను పొట్టీ.

స్టవ్వుమీద నీళ్ళు పొంగుతున్నాయి, వెళ్తున్నాను.

నీ వదిన